చండశాసనం: ఒక మాట, దాని కొలత

(శ్రీకాకుళంలో తెలుగు భాషా దినోత్సవం సాయంత్రం ఒక విశ్రాంత ఉపసంపాదకుడు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తియ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంది. ఆపితే ఉక్క. సరే, ఫ్యాను తిరగనివ్వండి, నేనే గొంతు పెంచుతాను.

ఇవాళ ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. 1863లో మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారాయన. ఈ రోజున ఎవరు మైకు పట్టుకున్నా ఆయన్ని పొగిడి దిగిపోవచ్చు. ఆ పని నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు చక్కగా చేశారు. నేను ఒక మాట పట్టుకుని వచ్చాను. ఒక్కటంటే ఒక్కటే మాట. చండశాసనం.

లోపలికి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర మీకు తలా ఒక చీటీ ఇచ్చారు కదా? 'చండశాసనం' గానీ 'చండశాసనుడు' గానీ పెట్టి ఒక వాక్యం రాయమన్నాం. ఒక నలభై చీటీల దాకా వచ్చాయి. ఇందాక టీ తాగుతూ అన్నీ చదివాను. కొన్ని బాగున్నాయి. కొన్ని చదివితే టీ పొలమారింది. అవి తర్వాత. పేర్లు చదవను, భయపడకండి.

ముందు నా కథ చెప్తాను. నేను పేపర్ డెస్కులో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. ఇంగ్లీషులో వచ్చిన వార్తని పావుగంటలో తెలుగు చెయ్యాలి. ఒక రాత్రి కొత్తగా చేరిన కుర్రాడికి ఢిల్లీ వార్త ఒకటి ఇచ్చాం. పార్లమెంటులో ప్రతిపక్షం వాళ్ళు ఫలానా బిల్లు 'డ్రకోనియన్' అని కేకలేశారు, అదీ వార్త. కుర్రాడు ఏం రాశాడో తెలుసా? 'ఇది చైనా తరహా చట్టమని ప్రతిపక్షాలు ధ్వజమెత్తాయి' అని రాశాడు. ఇదేంట్రా అంటే, 'డ్రాగన్ దేశం అంటే చైనాయే కదండీ' అన్నాడు. మనమే నేర్పాం వాడికి, రోజూ హెడ్డింగుల్లో చైనాని డ్రాగన్ డ్రాగన్ అని. వాడి తప్పేముంది?

ఆ రాత్రి నవ్వుకున్నాం, దిద్దుకున్నాం, పేజీ పంపించాం. కానీ దిద్దినవాణ్ణి నేనే కదా, నేనేం రాశాను? 'కఠిన చట్టం' అని రాశాను. ఇప్పుడు ఆలోచిస్తే కుర్రాడి తప్పు కంటే నా తప్పే పెద్దదనిపిస్తుంది. వాడిది చూడగానే దొరికిపోయే తప్పు. నాది ఎవరికీ దొరకలేదు.

ఎందుకు తప్పు? ఆ ఇంగ్లీషు మాట ఎక్కడిదో చూద్దాం. చైనాది కాదు, ఇంగ్లండుది కూడా కాదు. గ్రీకుల ఏథెన్స్ నగరంలో డ్రాకో అని ఒకాయన ఉండేవాడు. క్రీస్తుకు పూర్వం 621 ప్రాంతంలో ఆ ఊరికి చట్టాలు రాసిపెట్టాడు. ఆయన చట్టంలో దాదాపు అన్ని తప్పులకీ ఒకటే శిక్ష. ఏమిటి? మరణం. హత్య చేస్తే మరణం, గుడి దోస్తే మరణం. తోటలో కూరగాయలో పళ్ళో దొంగిలించినా మరణమే. పనీపాటా లేకుండా తిరుగుతున్నాడని రుజువైతే వాడికీ మరణమే. ఈ లెక్కన మా వీధి అరుగు మీద సగం మంది మిగలరు. ఈ చట్టాలు సిరాతో రాయలేదు, రక్తంతో రాశారని తర్వాతి కాలంలో డిమాడెస్ అనే వక్త అన్నాడు. 'చిన్న తప్పుకి కూడా చావేనా?' అని డ్రాకోనే అడిగారట. 'చిన్నవాటికి అది తగిన శిక్షే. పెద్దవాటికి అంతకంటే పెద్దది నాకు దొరకలేదు' అన్నాడట.

ఇదంతా ప్లూటార్క్ అనే చరిత్రకారుడు రాశాడు. ఆయన రాసింది డ్రాకో తర్వాత దాదాపు ఏడు వందల ఏళ్ళకి. కాబట్టి కొంచెం ఉప్పూకారం తగిలే ఉంటుంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఆ మనిషికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. డ్రాకోకి ముందు ఏథెన్స్‌లో రాతలో చట్టమే లేదు. పెద్దింటివాళ్ళు ఏం చెప్తే అది తీర్పు. ఇవాళ ఒక మాట, రేపు ఒక మాట. డ్రాకో దాన్ని రాసి నలుగురికీ కనపడేలా పెట్టాడు. కావాలని చంపినవాడినీ పొరపాటున చంపినవాడినీ వేరుచేసి చూశాడు. పొరపాటున చంపినవాడికి దేశం విడిచిపోవడమే శిక్ష. తర్వాత క్రీస్తుపూర్వం 594లో సోలన్ వచ్చి డ్రాకో చట్టాలన్నీ కొట్టేసి, హత్యల చట్టం ఒక్కటి ఉంచాడు. చూశారా, మంచి పని ఒకటి చేశాడు, అది ఎవరికీ గుర్తులేదు. క్యాబేజీ దొంగ ఒక్కడే గుర్తున్నాడు.

ఇప్పుడు చెప్పండి. క్యాబేజీకి మరణశిక్ష వేసే చట్టాన్ని 'కఠినం' అంటే సరిపోతుందా? ఇంటర్‌లో ఫిజిక్సు పేపర్ కూడా కఠినమే కదా! రాయి కఠినం. పరీక్ష కఠినం. 'కఠిన చర్యలు తీసుకుంటాం' అని కలెక్టరు నుంచి మండలాఫీసు దాకా రోజూ అంటూనే ఉంటారు. కఠినం అంటే గట్టిది, కష్టమైనది. అందులో మంచీ లేదు, చెడూ లేదు. డ్రాకో చట్టంలో ఉన్నది గట్టిదనం ఒకటే కాదు. తప్పుకీ శిక్షకీ మధ్య పొంతన లేకపోవడం ఉంది. ఆ పొంతన లేకపోవడం 'కఠినం' అనే మాటలో ఎక్కడుంది?

మనకి దానికొక మాట ఉంది. చండశాసనం. చండ అంటే తీవ్రమైనది, ఉగ్రమైనది. చండి, ప్రచండం, చండప్రచండం అంటాం కదా, అదే చండ. శాసనం అంటే ఆజ్ఞ, చట్టం. రాతి మీద చెక్కినదీ శాసనమే, అసెంబ్లీలో చేసినదీ శాసనమే. చ కి ఒత్తు లేదు, గమనించండి. ఆరు చీటీల్లో 'ఛండ' అని ఉంది. మాట ఉగ్రంగా ఉంది కదా, అక్షరం కూడా ఉగ్రంగా ఉండాలనుకున్నట్టున్నారు.

ఈ పొంతన సంగతి నాకు నిఘంటువు చెప్పలేదు. మా నాన్న చెప్పాడు. ఇది కొంచెం వివరంగా చెప్తాను.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక హాస్టల్లో ఉండేవాణ్ణి. ఏ హాస్టలో అడక్కండి. రథసప్తమి వచ్చింది. అరసవల్లి పక్కనే కదా, నలుగురం కలిసి వెళ్ళాం. రథసప్తమికి అరసవల్లి జనం ఎలా ఉంటారో మీకు చెప్పాలా? వరసలో ఇరుక్కుపోయాం. మిగతా ముగ్గురూ వరస వదిలేసి వెళ్ళిపోయారు, నేను మాత్రం దణ్ణం పెట్టుకునే వస్తానన్నాను. పెట్టుకున్నాను. తిరిగి నడిచి వచ్చేసరికి ఏడు గంటల యాభై నిమిషాలు. గేటు ఏడున్నరకి మూసేస్తారు. ఎంత లేటు? ఇరవై నిమిషాలు. వాచ్‌మన్ లోపలే ఉన్నాడు, నన్ను చూస్తూనే ఉన్నాడు. 'నానేటి సేత్తాను బాబూ, రూలలాగుంది' అన్నాడు. మాఘమాసం చలిలో ఆ రాత్రి బస్టాండు బల్ల మీద పడుకున్నాను. చెప్పులు తలకింద పెట్టుకున్నాను, పోతాయని.

పొద్దున్నే వెళ్తే నోటీసు బోర్డు చూపించారు. అందులో రెండు లైన్లు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. 'ఏడున్నర దాటి వచ్చిన విద్యార్థి హాస్టలు నుండి తొలగింపబడును. సంజాయిషీలు వినబడవు.' వినబడవు! వార్డెన్ గారికి చెవుడేమో అని పక్కవాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇంటికి కబురెళ్ళింది. మా ఊరు పాతపట్నం దగ్గర. మా నాన్న మొదటి బస్సుకి వచ్చాడు, పొలం నుంచి వచ్చినవాడు వచ్చినట్టే.

వార్డెన్ గారు కుర్చీలోంచి లేవకుండా రూలు చదివి వినిపించారు. మా నాన్న అంతా విన్నాడు. చదువుకున్నవాడు కాదు. తలపాగా తీసి భుజం మీద వేసుకుని అడిగాడు: 'ఆవు సేలో పడితే బందెలదొడ్డికి తోల్తాం బాబూ. నాలుగు డబ్బులు కట్టించుకుని ఇడిసిపెడతాం. ఆవుని సంపెత్తామేటి?'

అంతే. మారుమాట లేదు. వార్డెన్ గారు కాసేపు కిటికీ వైపు చూశారు. నన్ను ఉంచుకున్నారు, రెండు వారాలు మెస్సులో వడ్డించమన్నారు. అది శిక్ష. తప్పుకి తగ్గ శిక్ష. సాంబారు గరిట పట్టుకుని నిలబడ్డాను, నాకేం కోపం రాలేదు.

ఇక్కడ కుర్రవాళ్ళకి బందెలదొడ్డి తెలుసా? ఎన్ని చేతులు? నాలుగు. సరే. పక్కవాడి చేలో మేసిన పశువుల్ని తోలి పెట్టే దొడ్డి. సొంతదారు వచ్చి జరిమానా, మేత ఖర్చు కడితే తన పశువుని తోలుకుపోవచ్చు. ఇది ఊళ్ళో కట్టుబాటే కాదు, దీనికి చట్టం ఉంది. పశువుల అక్రమ ప్రవేశ చట్టం, 1871. తెల్లదొరలు చేసిందే. ఆ ఏడాది అంకె గుర్తుపెట్టుకోండి, 1871.

ఎందుకంటే అదే 1871లో, అదే ప్రభుత్వం, ఇంకో చట్టం చేసింది. నేరస్థ జాతుల చట్టం. దాని ప్రకారం ఒక జాతిని జాతిగా నేరస్థులని ప్రకటించవచ్చు. ఎవరో ఏదో చేశారని కాదు, అందులో పుట్టారు కాబట్టి. పేర్లు రిజిస్టరులో రాయించుకోవాలి, పిలిచినప్పుడు హాజరు చెప్పాలి, పాసు లేకుండా ఊరు దాటకూడదు. ఆ ప్రకటన సరైనదేనా అని ఏ కోర్టూ అడగడానికి వీల్లేదు. అంటే ఏమిటి? సంజాయిషీలు వినబడవు! మొదట ఉత్తరాదికి పెట్టి, 1911లో మన మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. స్టూవర్టుపురం పేరు విన్నారు కదా, సినిమాల పుణ్యమా అని అందరూ విన్నారు. అది ఆ చట్టం కింద పెట్టిన సెటిల్‌మెంటే. స్వాతంత్ర్యం వచ్చాక 1952 ఆగస్టు 31న ఆ ముద్ర చెరిపేశారు. అందుకే విముక్త జాతులు అంటారు. ఎల్లుండే ఆ రోజు.

చేలో పడ్డ ఆవుకి జరిమానా కట్టి ఇంటికి వెళ్ళే దారి ఉంది. మనిషికి లేదు. రెండూ ఒకే ఏడాది చట్టాలు. మొదటిది చట్టం. రెండోది చండశాసనం. ఈ తేడా చెప్పడానికే ఆ మాట ఉంది. అన్నిటికీ వాడేస్తే, అవసరమైన రోజున అది పనిచెయ్యదు.

సరే, చీటీలు తీస్తాను. నీళ్ళు ఇస్తారా కొంచెం? థాంక్సండీ.

మొదటిది. 'ఈ ఏడాది ఎండలు చండశాసనంగా ఉన్నాయి.' బాబూ, ఎండకి శాసనం ఎవరు చేశారు? ఎండలు ప్రచండంగా ఉంటాయి. లేకపోతే మన ఊరి మాటల్లో, మండిపోతాయి. శాసనం అన్నాక చేసినవాడు ఒకడుండాలి.

రెండోది. 'మా అమ్మ చండశాసనం.' భావం బాగుంది, అమ్మగారికి చెప్పకండి. చండశాసనం అనేది రూలు పేరు. రూలు పెట్టే మనిషి అయితే చండశాసనుడు, ఆడవారైతే చండశాసనురాలు. ఇక్కడొక విచిత్రం ఉంది. రూలుని చండశాసనం అంటే తిట్టు. మనిషిని చండశాసనుడు అంటే తిట్టే అవ్వాలి కదా? అవ్వదు. 'మా హెడ్మాస్టారు చండశాసనుడు' అని చెప్పేవాడి మొహం చూడండి, కొంచెం గర్వంగా ఉంటుంది. 'చండశాసనుడే గానీ మనసు వెన్న' అంటాం. 'కర్కశుడే గానీ మనసు వెన్న' అని ఎవరైనా అంటారా? అనరు. కర్కశం అంటే గరుకు. అది గొంతులో ఉంటుంది, చూపులో ఉంటుంది, మనిషి స్వభావంలో ఉంటుంది. చండశాసనుడికి రూలు ముఖ్యం, తనకి కూడా అదే రూలు పెట్టుకుంటాడు. అందుకే క్షమిస్తాం.

మూడోది. 'కార్తీకమాసంలో మా నాయనమ్మ చండశాసనాలు పాటిస్తుంది.' లేదమ్మా. అవి కఠోర నియమాలు. కఠోరం అనే మాట ఎక్కడెక్కడ వస్తుందో చూడండి: కఠోర తపస్సు, కఠోర సాధన, కఠోర పరిశ్రమ. ఎవరికి వారు నెత్తిన పెట్టుకున్నది కఠోరం. పక్కవాడు మన నెత్తిన రుద్దినది చండశాసనం. ఆ నాయనమ్మే కోడలి చేత కూడా బలవంతంగా ఉపవాసం చేయిస్తే, అప్పుడు ఈ వాక్యానికి మార్కులు వేస్తాను.

నాలుగోది. 'తప్పు చేసినవారిపై ప్రభుత్వం చండశాసనం తీసుకోవాలి.' తీసుకునేవి చర్యలు. శాసనం చేస్తారు, చట్టం తెస్తారు, ఆంక్షలు విధిస్తారు, నిబంధన పెడతారు, శిక్ష వేస్తారు. పైగా చండశాసనం తెమ్మని ఎవరూ కోరుకోరు. అది ఎదుటివాడు చేసిన చట్టానికి మనం పెట్టే పేరు. తన చట్టం చండశాసనమని ఏ ప్రభుత్వమైనా చెప్పుకుందా? డ్రాకో కూడా చెప్పుకోలేదు.

ఐదోది కొంచెం చర్చించాలి. 'హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయలు ఫైను వెయ్యడం చండశాసనం.' ఎవరో నిన్నో మొన్నో కట్టినట్టున్నారు, అక్షరాల్లో ఆవేశం కనిపిస్తోంది. 2019 సవరణకి ముందు ఇది వంద రూపాయలు ఉండేది, వెయ్యి చేశారు. రోజుకూలీ మనిషికి వెయ్యి బరువే, కాదనను. కట్టిన డబ్బు తలచుకుంటే కడుపు మండుతుంది కూడా. కానీ తప్పుకి సంబంధం ఉంది, శిక్షకి హద్దు ఉంది, ఒప్పుకోకపోతే కోర్టుకి వెళ్ళే దారి ఉంది. దీన్ని కఠినం అనండి, భారం అనండి. చండశాసనం అనకండి.

మన పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. ఏజెన్సీలో 1/70. వన్ ఆఫ్ సెవెంటీ అంటారు, 1970 నాటి భూబదలాయింపు చట్టం. సీతంపేట వైపు వాళ్ళెవరైనా ఉన్నారా? మీకు బాగా తెలుసు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడు భూమి కొంటే ఆ కొనుగోలు చెల్లదు. చెల్లదంటే చెల్లదు, పట్టువిడుపు లేదు. మైదానం నుంచి వెళ్ళినవాళ్ళు దీన్ని చండశాసనం అనడం నేను చెవులారా విన్నాను. అది చాలా గట్టి చట్టం, ఒప్పుకుంటాను. కానీ ఆ గట్టిదనం ఎవరి కోసం? సారాకీ ఉప్పుకీ భూములు పోగొట్టుకున్నవాళ్ళ కోసం. చేను చుట్టూ వేసిన కంచె ముల్లు గట్టిగా ఉందని ఆవు అనవచ్చు, రైతు అనడు. నా మటుకు నేను దాన్ని చండశాసనం అని రాయను. మీరు ఒప్పుకోకపోతే తర్వాత టీ దగ్గర పోట్లాడుకుందాం.

మరి ఏది చండశాసనం? శిక్షాస్మృతిలో పాత సెక్షన్ 303 ఉండేది. యావజ్జీవ ఖైదు అనుభవిస్తున్నవాడు హత్య చేస్తే ఉరి తప్ప ఇంకో శిక్ష లేదు. ఏ పరిస్థితిలో చేశాడు, ఎందుకు చేశాడు అని చూసే వీలు జడ్జికి లేదు. 1983లో మిఠూ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మళ్ళీ అదే, చూశారా? జడ్జి చెవులు మూసేసిన చట్టం. వినే చెవి ఉందా లేదా అన్నది నా లెక్కలో సగం పరీక్ష. మిగతా సగం మా నాన్న ఆవు.

'నిరంకుశం' గురించి ఒక చీటీలో అడిగారు, రెండూ ఒకటేనా అని. అంకుశం అంటే మావటివాడి చేతిలో ఉండేది. అది లేని ఏనుగు నిరంకుశం. అంటే పాలించేవాడిని అదుపు చేసేది ఏదీ లేదని. కాబట్టి ఆ మాట పాలకుడికీ పాలనకీ నప్పుతుంది. నిరంకుశుడు చండశాసనాలు చేస్తాడు, రెండూ ఒకే వాక్యంలో పడతాయి. 'నల్ల చట్టం' 1919లో రౌలట్ చట్టం నాటి నుంచి మనకి అలవాటైన మాట. వకీలు లేదు, వాదన లేదు, అప్పీలు లేదు అని జనం దాన్ని వర్ణించారు. సభలో నినాదానికి బాగుంటుంది. చెడ్డదానికల్లా నలుపు అనడం నాకు అంత ఇష్టం లేదు, అది వేరే సంగతి.

ఒక్క విషయం చెప్పి ఆపేస్తాను. ఇచ్ఛాపురం దాటి, బరంపురం దాటి వెళ్తే ఋషికుల్య ఒడ్డున జౌగఢ అని ఒక కొండ ఉంది. అశోకుడు అక్కడ శాసనం చెక్కించాడు. కళింగ యుద్ధం తర్వాత, కళింగవాళ్ళ కోసం, అంటే మన కోసమే. అందులో తీర్పు చెప్పే అధికారులకి హెచ్చరిక ఉంది. కారణం లేకుండా మనిషిని బంధించకండి, బాధపెట్టకండి అని. ఏ గుణాలుంటే న్యాయం చెయ్యలేరో ఒక వరస చెప్పాడు: ఈర్ష్య, కోపం, తొందరపాటు, బద్ధకం, ఇలా. ఆ వరసలో 'నిఠూలియ' అని ఒక మాట ఉంది. సంస్కృతంలో నైష్ఠుర్యం, నిష్ఠురం నుంచి వచ్చిన మాట. మన నిష్ఠూరం!

అప్పట్లో అధికారి క్రూరత్వం. ఇప్పుడు? 'పెళ్ళికి పిలవలేదని మా వదిన నిష్ఠూరమాడింది.' అంత్య నిష్ఠూరం కంటే ఆది నిష్ఠూరం మేలంటాం. రెండువేల ఏళ్ళు దాటేసరికి కొండ మీద మాట వంటింట్లోకొచ్చి మెత్తబడిపోయింది. చండశాసనం కూడా మెత్తబడుతోంది, ఎండలకీ అమ్మలకీ వాడుతున్నాం. అది ఆపడం నా వల్ల అవుతుందా? గిడుగు వారి పుట్టినరోజున నిలబడి మాటలకి రూల్సు పెడితే ఆయన ఊరుకుంటారా? అందుకే చీటీల్లో తప్పులకి మార్కులు తియ్యలేదు. 'ఛ' రాసినవాళ్ళకి కూడా తియ్యలేదు.

వాచ్‌మన్ గారు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఎనిమిదికి హాలు మూసెయ్యాలట. ఇంకో ఐదు నిమిషాలు ఇస్తారా, అడగండి ఎవరైనా. ఇస్తారా? ఇస్తారట. అయితే ఇంకో రెండు చీటీలు చదువుతాను, మిగతావి టీ దగ్గర.